కొండ దిగిన అత్త, రాని జీపు

పాపిరెడ్డిపట్టి, ధర్మపురి జిల్లా
అక్టోబరు 1983

బావమరిది దొరసామికి,

బస్సెక్కితే వాంతులని కొండ దిగని మీ అమ్మను దించడానికి చిన్న బండి ఏదైనా చూడమన్నాను. నువ్వేమో మద్రాసు నుంచి పత్రికలో పడ్డ జపాను జీపు బొమ్మ కత్తిరించి పంపి, మన దేశంలో ఇంకా అమ్మడం లేదు, త్వరలో వస్తుంది అని రాశావు. చదివి వినిపిస్తే మీ అక్క "వస్తుంది" అన్న మాటే పట్టుకుంది. వెంటనే మా అంగడి పక్కన షెడ్డు వేయించింది.

ఆయుధపూజనాడు ఆ బొమ్మకే విభూతి, కుంకుమ పెట్టింది. షెడ్డు నేల మీద చక్రాలు ఉండాల్సిన నాలుగు చోట్లా నిమ్మకాయలు పెట్టి, "ఇవి నలగకుంటే పూజ ముగిసేదెట్ల? మీరే తొక్కండి" అనింది. వీధంతా చూస్తుండగా బొమ్మ చేత్తో పట్టుకుని తొక్కాను.

బండికి పూజ అయిందన్న మాట చిత్తేరి కొండ ఎక్కింది. మీ అమ్మ నడిచే దిగి వచ్చేసింది! ఖాళీ షెడ్డులో మంచం వేసుకుని, "వచ్చింది వచ్చినాను అల్లుడా, ఇంగ ఆ బండిలోనే కొండెక్కేది. అందాక ఈడనే ఉంటా" అంటోంది.

ఆమెను దించడానికని బండి అడిగాను. ఇప్పుడు ఎక్కించడానికి కావాలి. త్వరలో అంటే ఎప్పుడో, ఈసారి నాకు కాదు, మీ అమ్మకే రాయి.

షెడ్డు వైపు పోవడం మానేసిన,
నీ బావ