లైట్ల కింద సాఫ్ట్‌బాల్

క్లెమెంటి, సింగపూర్, గురువారం రాత్రి

మా కాలేజీ సాఫ్ట్‌బాల్ గ్రౌండ్‌లో ఈ రోజు మొదటిసారి ఫ్లడ్‌లైట్లు వెలిగాయి. సాఫ్ట్‌వేర్ కంపెనీలో పార్ట్‌టైం పని వల్ల సాయంత్రాలు ప్రాక్టీసుకు వెళ్లలేక, జట్టులో నా చోటు పోయినట్టే అనుకున్నాను. ఇక పని ముగించుకుని వెళ్లి ఆడవచ్చు.

నావైపు ఎత్తుగా వచ్చిన మొదటి బంతి లైటు వెలుగులో కలిసిపోయి నా వెనకెక్కడో పడింది. కోచ్ నోట్‌బుక్‌లో ఏదో రాసుకున్నాడు. దాంతో ఇంకా భయమేసింది. మా సీనియర్ సుజాతక్క పరుగెత్తుకొచ్చి, “లైటుకేసి చూడకే. గ్లవ్ అడ్డం పెట్టుకుని పక్కనుంచి చూడు,” అంది. రెండోది గ్లవ్‌కి తగిలి జారింది. మూడోది పట్టాను, ఆ తరవాత వచ్చినవన్నీ పట్టాను.

వెళ్లేటప్పుడు కోచ్, “సాటర్డే నైట్ మ్యాచ్, యూ ప్లే లా,” అన్నాడు, ఇక్కడివాళ్లు మాట చివర తగిలించే ఆ ‘లా’తో.

శనివారం వర్షం రాకపోతే చాలు. బంతి సంగతి నేను చూసుకుంటాను.