నా విల్లు నీ చేతిలో

బుధవారం, సాయంత్రం

చిరంజీవి పిట్టకు,

అక్క దీవించి రాయునది. ఇక్కడ నేనూ, బాబాయీ, బాబాయి దగ్గూ క్షేమం. అక్కడ నువ్వూ, నా విల్లూ క్షేమమని తలుస్తాను.

నా విల్లు అన్నానని మూతి ముడుచుకోకు. బాబాయి వెదురు బద్దలకు జిగురు రాసి అతికిస్తుంటే, అవి కదలకుండా బిగించి పట్టుకున్నది నేను. వానాకాలమంతా గరుకు కాగితంతో రుద్ది, వేళ్ళ మీద తోలు లేచిపోతున్నా ఇది నాకేగా అని మురిసిపోయింది నేను. తీరా నారి ఎక్కించాక ఆయన దాన్ని తీసుకెళ్ళి నీ చేతిలో పెట్టాడు. నేను చప్పట్లు కొట్టాను. కడుపు మండుతున్నప్పుడు చప్పట్లు గట్టిగానే మోగుతాయి.

నీ ఉత్తరం అందింది. శిబిరంలో మీ ఫోన్లు లాక్కుని మంచిపని చేశారు. లేకపోతే నీ రాత కోడి కెలికినట్టుంటుందని నాకెలా తెలిసేది? బాణాలు పొద్దున బాగానే పడుతున్నాయట, అలసట రాగానే చెల్లాచెదురవుతున్నాయట. మీ టీచరు నీ కాళ్ళ ఎడం సరిచేసిందట, మోచెయ్యి ఎత్తు సరిచేసిందట, నారి వదిలే వేళ్ళను కూడా మార్చి చూసిందట. మొదటి బాణం నుంచీ నన్ను చూసిన దానివి, లోపం ఎక్కడుందో నువ్వే చెప్పక్కా అని రాశావు.

ఏం చెప్పమంటావే? నాకేమీ కనిపించలేదు. వేళకు తిను, కంటినిండా నిద్రపో, అదే సర్దుకుంటుంది.

ఇక ఇక్కడి సంగతులు. కుట్టుషాపులో కాలర్ల పని నా నెత్తినే పడింది. యజమానురాలు పేపర్లో నీ ఫొటో చూసి, ఈ అమ్మాయి మీ చెల్లెలా అని అడిగింది. అవునన్నాను. నువ్వూ బాణాలు వేస్తావా అని మాత్రం అడగలేదు. ఆ కాలరును తలకిందులుగా కుట్టేసి, మధ్యాహ్నమంతా కుట్లు విప్పుకుంటూ కూర్చున్నాను.

ఆదివారం ఎంపిక పోటీకి నేనూ వస్తున్నాను. జట్టులో మన క్లబ్బుకు దక్కేది ఒక్క చోటే. వచ్చే ఏడాదికి నాకు వయసు దాటిపోతుంది, నీకింకా బోలెడంత కాలముంది. ఇదంతా తెలిసీ నన్నే సలహా అడిగావంటే, నువ్వు అమాయకురాలివో గడుసుదానివో నాకు అంతుబట్టడం లేదు. ఉన్నమాట చెబుతున్నాను, నువ్వంటే నాకు కుళ్ళు. నీ భుజాలంటే కుళ్ళు. నారిని అంత దూరం లాగి కూడా, కావాలంటే ఇంకా లాగుతానన్నట్టు నిలబడతావు చూడు, ఆ నిలబడటమంటే మరీ కుళ్ళు.

నీ ఉత్తరం బాబాయికి చదివి వినిపించాను. తనకు చూపు ఆనడం లేదు, చెల్లి బాణం వేసే తీరు ఇప్పుడు నీకే తెలియాలి అన్నాడు. నాకూ తెలియదన్నాను. ఆయన దగ్గుకుంటూ లేచి లోపలికి పోయాడు.

ఇట్లు,
నీ మేలు కోరే (అలాగే రాయాలి కదా)
అక్క

తా.క. కవరు అంటించి, మళ్ళీ చించాను.

లోపం నాకు కనిపించింది. నారి వదిలే ముందు నువ్వు మెడ ముందుకు చాచి, మొహం తీసుకెళ్ళి నారికి ఆనిస్తావు. ఒళ్ళు అలిసేకొద్దీ ఆ చాచడం ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది, బాణమూ అలాగే పోతుంది. అది నీకు ఎవరూ నేర్పలేదు. నా వెనక నిలబడి చూసి చూసి పట్టుకున్నావు. నువ్వు పుట్టకముందు నేను మెట్ల మీంచి పడ్డాను. అప్పటినుంచీ నా కుడిభుజం పూర్తిగా వెనక్కి పోదు. నారి నా దాకా రాదు కనుక నేనే నారి దాకా పోతాను. ఆ విల్లు లాగడం నా భుజానికి మించిన పనని బాబాయికి తెలుసు, నాకూ తెలుసు. నువ్వేమో నా అవిటితనాన్ని వయ్యారమనుకుని ఎత్తుకుపోయావు, దొంగపిల్లా.

మెడ నిటారుగా పెట్టు. నువ్వు పోకు, నారినే నీ దగ్గరికి రానీ.

ఆదివారం నిన్ను ఓడించడానికే వస్తాను. నీలో ఉన్న నన్ను ఓడించి ఇంటికొస్తే ఏం గొప్ప?