తాతయ్యలు, బాబాయిలు, నా తత్వశాస్త్రం

సోమవారం, ఉదయం
నిర్ణయం! ఇవాళ్టి నుంచి తత్వశాస్త్ర చరిత్రను పేర్లు లేకుండా చెబుతాను. తేదీలూ వద్దు. ప్రశ్నలే! ఇరవై ఏళ్లుగా గడ్డాల తత్వవేత్తల జాబితా అప్పజెప్పి పిల్లల్ని నిద్రపుచ్చింది చాలు. శుక్రవారం ప్రిన్సిపాల్‌గారు వచ్చి నా క్లాసు వింటారట. నచ్చకపోతే వచ్చే ఏడు నా పీరియడ్ లెక్కలవాళ్లకి. నచ్చుతుంది. ఎందుకు నచ్చదు!

సాయంత్రం
అద్భుతం! "మంచి కోసం అబద్ధం ఆడొచ్చా?" అన్నాను, అంతే. క్లాసు క్లాసంతా కొట్టుకుంది. ఇంట్లో మావారినీ అడిగాను. "నేను నీతో ఆడేవన్నీ ఆ రకమేనోయ్" అన్నారు. ఆయన సంగతి తర్వాత చూస్తాను.

మంగళవారం
చిన్న చిక్కు. "ఒకాయన ఇలా అన్నాడు, ఇంకొకాయన కాదన్నాడు" అంటే, ఏ ఆయన ఏ ఆయనో తేలడం లేదట.
ముందు బెంచీ కుర్రాడు, "మేడమ్, అన్నిటినీ అనుమానించే ఆయన్ని అనుమానాల బాబాయ్ అనుకుందామా?" అన్నాడు.
సరేనన్నాను. ముద్దుపేరు పేరు కాదు కదా!

బుధవారం
బాబాయ్‌కి తోడు నియమాల తాతయ్య, సుఖాల మావయ్య దిగారు. పోనీలే, చుట్టాలైతే గుర్తుంటారు.

గురువారం
బోర్డు మీద వంశవృక్షం! నేను వేయలేదు. వద్దనీ అనలేదు.
"తాతయ్యకీ మావయ్యకీ తేడాలు పరీక్షలో వస్తాయా మేడమ్?"
వస్తాయన్నాను. ఖర్మ! కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

శుక్రవారం
వెనక బెంచీలో ప్రిన్సిపాల్‌గారు. పిల్లల నోట విని, "సుఖాల మావయ్య ఎవరండీ?" అన్నారు. భయమేసి బోర్డంతా అసలు పేర్లూ తేదీలూ నింపేశాను. పిల్లలు తలలు వంచుకుని రాసుకున్నారు. ఆయన ఆవలించారు. పీరియడ్ పోయినట్టే అనుకున్నాను.
ఎప్పుడూ నోరు విప్పని కిటికీ పక్కమ్మాయి లేచింది. "మేడమ్, నిన్నటి చెట్టులో అమ్మమ్మలు లేరు, పిన్నులు లేరు. ఇక్కడా లేరు. వాళ్లేమీ ఆలోచించలేదా?"
సిగ్గేసింది. "ఆలోచించే ఉంటారమ్మా. నేనే వెతకలేదు" అన్నాను.
ప్రిన్సిపాల్‌గారు నవ్వారు. "మా అమ్మ అడిగేవాటికి మా నాన్న దగ్గర ఏనాడూ జవాబు లేదు. పీరియడ్ మీదేనండీ. ఆ అమ్మాయికి మాత్రం జవాబు చెప్పండి."

శనివారం
లైబ్రరీ. రెండు పూటలు వెతికితే నలుగురు ఆడవాళ్లు దొరికారు. ఒక్కరి గురించీ నాకు తెలియదు!
కొత్త నిర్ణయం: సోమవారం నుంచి పేర్లతోనే చెబుతాను.
"మళ్లీ పేర్లేనా?" అన్నారు మావారు.
మళ్లీ పేర్లే! మొదటావిడ పేరు ఎలా పలకాలో తెలియక పొద్దుటి నుంచి గొణుక్కుంటున్నాను.