మరచిపోవడం దాచడం కాదు

కార్యాలయాధిపతి వారి సముఖానికి,

అయ్యా,

విషయం: దస్త్రాల గది ఉద్యోగిని అయిన నా భార్య "ఉద్దేశపూర్వకంగా దస్త్రాలు దాచినది" అన్న అభియోగాన్ని రద్దు చేసి, చికిత్సకు ఆరు నెలల గడువు ఇప్పించడం గురించి.

విచారణ సోమవారం. ఆ రోజు ఆమె ఉద్యోగం తీసేస్తారని కార్యాలయమంతా ముందే చెప్పుకుంటున్నారు కనుక, జరిగింది జరిగిన వరుసలో విన్నవిస్తున్నాను.

1. ఈ నెల తొమ్మిదిన ఉదయం 11 గంటల 10 నిమిషాలకు పర్యవేక్షకుడు గారు పాత మురుగుకాల్వల పటం ఉన్న దస్త్రం అడిగారు. నా భార్య నిచ్చెన ఎక్కింది.

2. 11 గంటల 14 నిమిషాలకు నిచ్చెన మీదే ఆగిపోయింది. తల మీద ఫ్యాను తిరుగుతున్నా ముఖమంతా చెమట.

3. 11 గంటల 15 నిమిషాలకు, నలుగురూ వింటుండగా, పర్యవేక్షకుడు గారికీ ఆమెకూ మధ్య ఈ సంభాషణ:
"ఏమ్మా, పైన గాలి బాగుందా? దిగే ఉద్దేశం లేదా?"
"ఉండండి సార్... నోటిదాకా వచ్చింది... పసుపు అట్టది... దాన్నేమంటారు..."
"దాన్ని దస్త్రం అంటారు తల్లీ! పంతొమ్మిదేళ్ల సర్వీసు!"
నలుగురూ నవ్వారు.

4. 11 గంటల 40 నిమిషాలకు అభియోగపత్రం టైపై, సంతకమై, ముద్ర పడి ఆమె చేతికొచ్చింది. ఈ కార్యాలయంలో ఒక కాగితం ఇరవై అయిదు నిమిషాల్లో మూడు బల్లలు దాటడం నేనెన్నడూ చూడలేదు. అందుకు నా అభినందనలు.

ఈ వేళలన్నీ నాకెలా తెలుసునని తమకు సందేహం రావచ్చు. నేను పుస్తకాలు కుట్టేవాణ్ణి. ఆ పూట పక్క గదిలో మీ చినిగిన రిజిస్టర్లే కుడుతున్నాను, మధ్య తలుపు తీసే ఉంది, గోడ గడియారం నా కళ్లెదుటే ఉంది. వయసు నలభై ఆరు, చదువు ఏడో తరగతి. మిగిలినదంతా కుట్టడానికి వచ్చిన పుస్తకాలను కుట్టే ముందు చదివి నేర్చుకున్నది.

5. దాచినట్టు చెబుతున్న దస్త్రాలు, ఆ రోజు అడిగినదానితో కలిపి, నాలుగు. వాటి ప్రస్తుత నివాసాలు: రెండు పర్యవేక్షకుడు గారి బీరువాలోనే, ఆయన సంతకంతో తెప్పించుకున్నవి. మూడోది టీ బల్ల కుంటి కాలి కింద. నాలుగోది మాత్రం నా భార్య పోగొట్టినదే, ఒప్పుకుంటున్నాను. అది అన్నం డబ్బాల అరలో దొరికింది. ఎప్పుడు పెట్టిందో ఆమెకే తెలియదు. అయితే రోజూ మధ్యాహ్నం అందరూ చేయి పెట్టే అరలో దస్త్రం దాచే దొంగ ఎక్కడైనా ఉంటే, ఆ దొంగకు శిక్ష కాదు, శిక్షణ అవసరం.

6. పదకొండు వేల దస్త్రాలున్న ఆ గదికి పట్టిక లేదు. ఒక పట్టిక రాయించండని నా భార్య మూడుసార్లు రాతపూర్వకంగా అడిగింది. మూడుసార్లూ ఒకటే జవాబు, నోటిమాటగా: "నువ్వున్నావుగా, పట్టికెందుకు?" ఆమెకు "నడిచే పట్టిక" అని పేరు పెట్టి మురిసిపోయారు. ఒక మనిషి బుర్రను బీరువాగా వాడుకున్నన్నాళ్లూ అది కార్యాలయం ఆస్తి. తలుపు కాస్త బిగుసుకోగానే అది ఆమె నేరం.

7. ఇక కార్యాలయ వైద్యుడు గారి సంగతి. రెండేళ్ల క్రితం, నలభై ఒకటో ఏట, నా భార్యకు గర్భసంచిలో గడ్డలకని ఆపరేషన్ జరిగింది. ఆరోగ్యంగా ఉన్న రెండు అండాశయాలు కూడా తీసేశారు. మాటలు తడబడడం, నిద్ర పట్టకపోవడం, ఆవిర్లు, అన్నీ ఆ తర్వాతే. ఆమెను వెంటబెట్టుకెళ్లి ఈ మాట వైద్యుడు గారికి చెప్పాను.

"అది కడుపు విషయమయ్యా. మతిమరుపు తల విషయం. మోకాలికీ బోడిగుండుకీ ముడిపెట్టకు. బలం మందు రాస్తాను. మనసు గట్టి చేసుకోమ్మా!" అన్నారు. నాడి పట్టలేదు. ఒక్క ప్రశ్న అడగలేదు.

ఆ ముడి ఉందో లేదో నేను నాలుగు నెలలు చదివాను. తర్వాత స్త్రీల వైద్యురాలు ఒకరి దగ్గర సరిచూసుకున్నాను. అండాశయాలు తయారుచేసే ఈస్ట్రోజన్ అనే హార్మోను పిల్లల్ని కనడానికి మాత్రమే కాదు. రక్తంతో పాటు మెదడుకూ వెళుతుంది. కొత్త సంగతిని పట్టుకుని నిలబెట్టే హిప్పోక్యాంపస్ అనే భాగంలో దాన్ని అందుకునే ఏర్పాటు ఉంది. నాడీకణాల మధ్య కొత్త లంకెలు పడడానికి అది తోడ్పడుతుంది. వయసుతో తగ్గితే మెట్లు దిగినట్టు కొన్నేళ్లు పడుతుంది. ఆపరేషన్‌తో పోతే ఒక్కరోజులో మెట్లే ఉండవు. కొందరికి పెద్దగా తేడా తెలియదు. కొందరికి మాట నాలుక చివరే ఆగిపోతుంది.

వైద్యురాలు గారు పరీక్షలన్నీ చేసి, నా భార్యకు సరిపడుతుందని తేల్చుకున్నాకే, మూడు వారాల క్రితం హార్మోను చికిత్స మొదలుపెట్టారు. ఆమె మాటలు ఉన్నదున్నట్టు: "ఇంత చిన్న వయసులో తీసేసి, ఏ మందూ ఇవ్వకుండా వదిలేస్తే ముందు ముందు మతి మందగించే ముప్పు పెరగొచ్చని పరిశోధనలు సూచిస్తున్నాయి. మందుతో పూర్తిగా బాగవుతుందని హామీ ఇవ్వలేను. చాలామందికి మెరుగవుతుంది, టైం పడుతుంది. మీ ఆఫీసువాళ్లకి చెప్పండి, ఇది పిచ్చీ కాదు, పొగరూ కాదు."

చెబుతున్నాను.

8. ఆరోగ్యంగా ఉన్న అండాశయాలు ఎందుకు తీశారు? ఈ అంశం రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది.

ఆపరేషన్ రోజు నా భార్యకు ముందే మత్తు సూది ఇచ్చి, అంగీకార పత్రం నా చేతికిచ్చారు. అందులో ఇరవై రెండు గడులు. పంతొమ్మిదోది: "అండాశయాలు కూడా తొలగించుటకు అంగీకారం. వైద్యుడు వివరించిన పిమ్మటే నింపవలెను." ఎవరూ వివరించలేదు. నర్సు "కానివ్వన్నా, లోపల రెడీగా ఉన్నారు" అంది. ఖాళీ గడి ఉన్న పత్రం నా కంటికి పుట చిరిగిన పుస్తకం లాంటిది. వదిలేసే అలవాటు లేదు. ఇరవై రెండూ నింపాను. శరీరం ఆమెది, సంతకం నాది.

తర్వాత సర్జన్ గారిని అడిగితే, "పిల్లలు పెద్దవాళ్లయ్యారుగా, ఇంక వాటితో పనేముంది? అయినా టిక్కు పెట్టింది మీరేగా!" అన్నారు. నిజమే.

మూడు వారాల క్రితం వైద్యురాలు గారు పాత కాగితాలు తిరగేస్తుంటే నా భార్య ఆ గడి చూసింది. బయటికొచ్చాక, "నన్నడిగితే ఏం పోయేది మీకు?" అంది. కాబట్టి తమ విచారణకు ఒక దోషి తప్పనిసరైతే, ఒక సర్జన్, ఒక కార్యాలయ వైద్యుడు, ఒక నేను సిద్ధంగా ఉన్నాం. నిచ్చెన మీది మనిషిని వదిలిపెట్టండి.

9. కోరుతున్నవి: అభియోగం రద్దు; ఆరు నెలల గడువు; ఆ గదికి పట్టిక. ఆమె చెబుతుంది, నేను రాస్తాను. పర్యవేక్షకుడు గారు తన బీరువా తాళం ఇస్తే చాలు.

నవ్వు ఆపుకొని ఒకసారి, ఆపుకోవలసిన అవసరం లేకుండా ఇంకొకసారి ఈ అర్జీని తమరు చిత్తగించవలెను.

తమ విధేయుడు,
దస్త్రాల గది ఉద్యోగిని భర్త

తా.క. ఇది చదివి నా భార్య, "ఎనిమిదోది కొట్టెయ్యండి, మీ పరువెందుకు తీసుకుంటారు?" అంది. కొట్టెయ్యలేదు. "సోమవారం మాత్రం నేనే మాట్లాడతా, మీరు నోరెత్తొద్దు" అంది. సరేనన్నాను.

ఒక్క మనవి. ఆమె మాట్లాడుతూ మధ్యలో ఆగుతుంది. అప్పుడు మాట అందించకండి. నేను రెండేళ్లుగా అందిస్తూ వచ్చాను. ఆమె వెతికే మాట అది ఒక్కసారీ కాదు, అలిసిపోయి "సరే, అదే" అనేది. ఈ వారం అందించడం మానేసి లెక్కపెట్టాను. అన్నిటికన్నా ఎక్కువసేపు ఆగింది పంతొమ్మిది సెకన్లు. ఆ తర్వాత మాట దానంతట అదే వచ్చింది.

ఆగండయ్యా. అంతే.

శుక్రవారం, సాయంత్రం 5 గంటల 52 నిమిషాలు.
(ఇంటిపేరుతో సహా పూర్తి పేరు, సంతకం)