బార్ అరిచినప్పుడు

డిసెంబర్ 3, మంగళవారం

బార్ మళ్ళీ అరిచింది. అబ్బా ఆపలేదు.

ఇంట్లో మాకు ఉర్దూ. ఇది మాత్రం తెలుగులో రాసుకుంటాను. అమ్మీకి తెలుగు చదవడం రాదు కాబట్టి ధైర్యంగా రాయొచ్చు: అబ్బాకి చెవులు పోతున్నాయి. ముందు బోధన్ షుగర్ ఫ్యాక్టరీ వర్క్‌షాప్‌లో, అది మూతపడ్డాక మా ఈ రిపేరు కొట్టులో, మిల్లింగ్ మెషిన్ల పక్కనే బతికిన మనిషి. లావు శబ్దాలు వినబడుతున్నాయి. సన్నవి పోయాయి. ఇనుములో రంధ్రాన్ని లోపల్నుంచి కోసి పెద్దది చేసే కడ్డీ బోరింగ్ బార్. అది వణికితే వచ్చే కీచు సన్నదే.

నాకు పని నేర్పింది ఆయనే. రంధ్రంలో తిరగగలిగినంత లావు బార్, దాని అడుగుదాకా అందేంత పొట్టి బార్ తీసుకో. సన్నంగా పొడుగ్గా ఉంటే వణుకుతుంది, అరుస్తుంది. అరిస్తే స్పీడ్ తగ్గించు. నేను తగ్గించకపోతే ఎన్ని తిట్లు తిట్టారో! ఇప్పుడు తిట్టే ఆయనకే వినబడటం లేదు.

డిసెంబర్ 5

ఒక పద్ధతి కుదిరింది. అబ్బా బోర్ చేస్తుంటే నేను ఎదురుగా నిలబడతాను. బార్ అరవగానే దుపట్టా సర్దుకున్నట్టు చెయ్యెత్తుతాను. ఆయన స్పీడ్ తగ్గిస్తారు. ఎందుకు ఎత్తానని ఆయన అడగరు. ఎందుకు తగ్గించారని నేను అడగను. తండ్రీకూతుళ్ళం మంచి నటులం.

డిసెంబర్ 8, ఆదివారం

అజాన్ వినబడక గడియారం చూసి మసీదుకు బయల్దేరుతున్నారు. ఎవరేమన్నా హా హా అని తలూపుతారు. నిజామాబాద్‌లో చెవుల డాక్టర్ ఉన్నాడని అమ్మీ అంటే కంచం పక్కకు నెట్టారు. చెవిటి మిస్త్రీ దగ్గరికి పనెవరు తెస్తారని అరిచారు. ఆ అరుపు ఎంత పెద్దదో ఆయనకు తెలియదు. గోడ అవతలి వాళ్ళు కూడా వినే ఉంటారు. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది.

డిసెంబర్ 11

కోటగిరిలో బెల్లం వండే భూమన్న ఆటోలో చెరుకు గానుగ హౌసింగ్, ఇరుసును మోసే ఇనుప గూడు, తెచ్చాడు. బేరింగ్ కూర్చునే రంధ్రం అరిగి గుండ్రం తప్పింది. పెద్దగా బోర్ చేసి లోపల చిన్న గొట్టం లాంటి బుష్ వెయ్యాలి. పోత ఇనుము, గోడ అసలే పల్చన. ఇంకొకటి దొరకదు, ఆ గానుగ చేసిన కంపెనీయే లేదు.

భూమన్నది డోలు లాంటి గొంతు. నరికిన చెరుకు గట్లనే పడున్నది ఖాసిం సాబ్, పులుస్తది, జర జెల్ది చెయ్యి అన్నాడు. అబ్బాకి ప్రతి ముక్కా వినబడింది. ఈ మధ్య అంత హుషారుగా ఆయన్ని చూడలేదు.

రంధ్రం లోతు ఎక్కువ. మా దగ్గరున్న పొడుగు బార్ సన్నది, తప్పకుండా అరుస్తుంది. బార్ పిడి, అదే షాంక్, దాన్ని పట్టి తిప్పే మా బోరింగ్ హెడ్‌లో పట్టాలి, ఒళ్ళు మాత్రం లావుగా ఉండాలి. అలాంటిది నిజామాబాద్‌లోనే దొరకాలి. అది ఉంటే నేను చెయ్యెత్తే పనే ఉండదు.

డిసెంబర్ 12, ఉదయం 9

బస్సులో రాస్తున్నాను. నేను బార్ తెచ్చేదాకా హౌసింగ్ ముట్టుకోకండి అని చెప్పాను. అబ్బా అటు తిరిగి వైస్ బిగిస్తున్నారు. తలూపారు.

డిసెంబర్ 12, సాయంత్రం

బార్ దొరికింది. బొటనవేలికంటే లావు, బరువు. బస్సులో ఒళ్ళో పెట్టుకుని వచ్చాను, సంబరంగా.

మలుపు తిరక్కముందే కీచు వినబడింది. ఇనుప రేకు మీద మేకుతో గీస్తున్నట్టు. మా సందులో జనమంతా బయటికి వచ్చి చెవులు మూసుకుని నిలబడ్డారు. ఇస్త్రీ బండి గంగమణి అక్క నన్ను చూసి, ఎంత పిలిచినా సాబ్ పల్కుతలేడు బిడ్డా, జల్దీ సూడు అంది.

లోపల అబ్బా ప్రశాంతంగా ఉన్నారు. ఒక చెయ్యి నడుం మీద. సన్నని బార్ ఊగిపోతూ తిరుగుతోంది. నేను స్విచ్ కొట్టాకే తల తిప్పారు, నన్ను చూసి నవ్వారు.

రంధ్రం నిండా అలల్లాంటి గీతలు. గీతలు పోవడానికి ఇంకో కోత వేశారట. పోలేదు, మళ్ళీ వేశారట. అరుపు వినబడితే మొదటి కోతలోనే స్పీడ్ తగ్గించేవారు. బుష్ పట్టడానికి గోడ మిగల్లేదు. వేలు పెడితే ఒక పక్క పగులు తగిలింది.

అటు తిరిగి ఉన్న మనిషికి చెప్పాను. తలూపితే విన్నారనుకున్నాను. కాదు. వినలేదని నాకు తెలుసు. బస్సు టైమైందని వచ్చేశాను.

డిసెంబర్ 13

కొట్టు తెరవలేదు.

డిసెంబర్ 16

భూమన్న వచ్చి పగిలిన హౌసింగ్ తీసుకుపోయాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది. చెరుకు పులిసిందట, కాలువ గట్టు మీద పారబోశాడట. పోతూ పోతూ, ఇగ నా పని ఏదన్నుంటె బిడ్డ చేస్తనంటెనే తెస్త సాబ్, నువ్వు ముట్టకు అన్నాడు. అబ్బా ఎప్పటిలాగే హా హా అని తలూపారు. హమ్మయ్య, వినలేదు అనుకున్నాను.

అన్నం దగ్గర భూమన్న ఏమన్నాడని అడిగారు. మళ్ళీ వస్తానన్నాడు అబ్బా అని గట్టిగా చెప్పాను.

అబ్బా నా నోటివైపే చూశారు. లావు గొంతు నాకు బాగానే వినబడుతుంది నౌషీన్ అన్నారు.

డిసెంబర్ 17

కొట్టు తాళంచెవి నా దిండు పక్కన పెట్టి ఉంది.

డిసెంబర్ 21

కొట్టులో ఒక్కదాన్నే. ఎవరిదో పంపు బాడీ. పని సగంలో బార్ అరిచింది.

చెయ్యెత్తాను. ఎత్తే ఉంచాను. మెషిన్ తిరుగుతూనే ఉంది.