మిరపకాయ ముట్టని పది రోజులు

కలకత్తా,
ఆదివారం సాయంత్రం.

ప్రియమైన సువార్తక్కకు, తమ్ముడు ప్రభాకర్ వందనాలతో రాసేది. ప్రభువు దయవల్ల నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వూ అమ్మా కూడా బాగున్నారని అనుకుంటున్నాను. అమ్మ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? చలికాలం పోయింది కాబట్టి కాస్త తగ్గి ఉండాలి. పొద్దున్నే చన్నీళ్లలో కాళ్లు పెట్టొద్దని చెప్పు. నా మాట ఎటూ వినదు, నువ్వు చెబితే సగమైనా వింటుంది.

నీ ఉత్తరం వచ్చి పదకొండు రోజులైంది. వెంటనే జవాబు రాయలేదని తిట్టుకుంటూ ఉంటావు. రెండుసార్లు మొదలుపెట్టి చించేశాను. ఈసారి ఎలాగైనా పూర్తి చేసి రేపు పొద్దున పోస్టు డబ్బాలో వేస్తాను.

నా గురించి దిగులు పడొద్దు. పని బాగానే ఉంది. గుంటూరు నుంచి లారీల్లో వచ్చే మిరప బస్తాలను, అవే మన టిక్కీలను, గోడౌన్లో దింపించడం, విప్పి రంగు చూడటం, రంగు పోయిన తాలుకాయ ఎంత ఉందో షావుకారు గారికి చెప్పడం, అంతే. ఊరొదిలి ఇంత దూరం వచ్చినా ఆ ఘాటు మాత్రం నన్ను వదల్లేదు. టిక్కీ మూతి విప్పగానే మన వీధిలో నిలబడినట్టుంటుంది. కొన్నిసార్లు కళ్లల్లో నీళ్లు తిరుగుతాయి. ఘాటుకే అనుకుంటారు ఇక్కడివాళ్లు, నేనూ అదే అంటాను.

తిండికి లోటు లేదు. అన్నిట్లోనూ ఆవనూనె పోస్తారు, మొదట్లో వాసనకే ముక్కు మూసుకునేవాణ్ణి, ఇప్పుడు అలవాటైంది. చేపలు మాత్రం కడుపునిండా దొరుకుతాయి. గోంగూర పచ్చడి ఉంటే ఒక చిన్న సీసా పంపమని అడుగుదామనుకున్నాను. మళ్లీ ఎందుకులే, నీకు ఇప్పుడు చేతినిండా పనే కదా.

ఇక్కడ ఫుట్‌బాల్ పిచ్చి చూస్తే నువ్వు నవ్వుతావు. రెండు పెద్ద జట్లున్నాయి, ఏదో ఒకదాని పక్షాన లేనివాడు ఈ ఊళ్లో ఉండడట. మా గోడౌన్లో కాటా వేసే నిమాయిదా అని ఒక పెద్దాయన ఉన్నాడు. ఆయన జట్టు ఓడిపోయిన రోజు అన్నం తినడు, ఎవరితోనూ మాట్లాడడు. మన ఊరి జట్టువాళ్లు రెండేళ్లు వరసగా షీల్డు గెలిచారని, మూడోసారి కూడా గెలిస్తే అది ఇక మన ఊళ్లోనే ఉండిపోతుందని ఒకరోజు ఆయనకు చెప్పాను. అప్పటి నుంచి నన్ను కూడా ఆటగాడి కిందే లెక్కేశాడు. రోజూ టీ తాగేటప్పుడు, "మీవాళ్లకి ఈసారి అవకాశం ఎంత బాబూ?" అని అడుగుతాడు. "సగం" అంటాను. "సగమేమిటయ్యా, రెండేళ్లు గెలిచినవాళ్లు!" అని కోప్పడతాడు.

నువ్వు కూడా అదే రాశావు, షీల్డు మనదేనని ఊరంతా అనుకుంటున్నారని. నాకు అంత ధైర్యం లేదక్కా. మస్తాన్ ఎడమ కాలు ఉంది, నిజమే. ఆ కాలికి బంతి దొరికితే ఫైనల్లో ఎదురయ్యే పొన్నూరు వాళ్లు వెనక్కి చూడటమే మిగులుతుంది. కానీ వాడు ఇప్పుడు వాళ్ల నాన్న సైకిల్ షాపు చూసుకుంటున్నాడు, పరిగెత్తి ఎన్నాళ్లయిందో. ఇక పొన్నూరు వాళ్ల సంగతి. మాగాణి పొలాల వాళ్లు, బురదలో నడిచి నడిచి పిక్కలు రోకళ్లలా ఉంటాయి. పోయినేడు మన మీద ఓడిపోయి ఏడ్చుకుంటూ వెళ్లారు, ఈసారి ఊరికే రారు. పైగా మనకు గోల్ దగ్గర ఎవరూ లేరు. డ్రిల్లు మాస్టారు ఇద్దరు కుర్రాళ్లను పెట్టి చూశారని, ఇద్దరూ బంతిని చూసి కళ్లు మూసుకుంటున్నారని రాశావు. చదివి నవ్వుకున్నాను.

దాని కిందే నువ్వు రాసిన రెండు వాక్యాల దగ్గర ఆగిపోయాను. "ఈస్టరు తర్వాతి ఆదివారం ఫైనల్. నువ్వు వచ్చి ఆడరా. కల్లం సంగతి నేను చూసుకుంటాను, నువ్వు మిరపకాయ ముట్టుకోకు."

ఈ ఉత్తరం రెండుసార్లు చింపింది అక్కడేనక్కా.

నీకు గుర్తుందా, ఆటగాళ్లు మిరపకాయ ముట్టకూడదన్న నియమం నా వల్లే వచ్చింది. మొదటిసారి మనం ఫైనల్‌కి వెళ్లిన ఏడు, పొద్దుటంతా తాలుకాయలు ఏరి ఆ చేతులతోనే వెళ్లి గోల్ దగ్గర నిలబడ్డాను. చెమట పట్టి కళ్లు తుడుచుకున్నాను. అంతే, లోకం కనబడలేదు. బంతి నా పక్కనుంచే వెళ్లిందని జనం అరుపులు విన్నాక తెలిసింది. ఆ తర్వాతే మాస్టారు మ్యాచ్‌కి మూడు రోజుల ముందు నుంచి ఆటగాడెవడూ మిరపకాయ ముట్టకూడదని చెప్పారు. వాడి వంతు పని ఇంట్లోవాళ్లు చేయాలన్నారు. ఊరంతా ఒప్పుకుంది.

మూడు రోజులక్కా. నేను పోయినేడు తీసుకున్నది పది రోజులు.

ఈ మాట నీకు ఎప్పుడూ చెప్పలేదు. నాకు కల్లంలో పని చేయడం బద్ధకం. ఎండలో కాయలు తిరగేసే బాధ తప్పుతుందని, ఈసారి గట్టి జట్లు వస్తున్నాయి, పది రోజులు చేతులు శుభ్రంగా ఉండాలని మాస్టారు అన్నారని బావకు అబద్ధం చెప్పాను. బావకు తెలుసు. నా మొహం చూస్తేనే అబద్ధం తెలిసిపోతుందని నువ్వు ఎన్నిసార్లు అనలేదు? బావ నవ్వి, "పోరా, పోయి చింతచెట్టు నీడన కూర్చో. గోలు కాసేవాడికి కళ్లే కదరా కావాల్సింది. నీ వంతు నేను తిరగేస్తాలే," అన్నాడు. పది రోజులూ రెండు వంతులు ఒక్కడే చేశాడు. నేను నీడలో కూర్చుని చూశాను.

ఫైనల్ రోజు పొద్దున ట్రాక్టరు ఎక్కేటప్పుడు బావ కల్లంలోనే ఉన్నాడు. ఎండ తగ్గాక వస్తాను, మొదటి గోలు తప్పినా రెండోది చూస్తాను అన్నాడు. మధ్యాహ్నం పడమట మబ్బు పట్టిందనీ, కాయలు తడుస్తాయని ఆ మండుటెండలో ఒక్కడే కుప్ప చేసి పట్టాలు కప్పాడనీ మాకు తెలియదు. షీల్డు ఎత్తుకుని డప్పులు కొట్టించుకుంటూ వచ్చాం. ఊరి మొదట్లో ఎవరో చెయ్యెత్తి డప్పులు ఆపించారు. బావకు వడదెబ్బ అన్నారు. వాన మాత్రం ఒక్క చినుకు కూడా పడలేదు.

నువ్వు నన్ను చూసి, "మీ బావ స్పృహ ఉన్నంతసేపూ మీ ఆట గురించే అడిగాడురా," అన్నావు. ఆ మాట నువ్వు ప్రేమగానే అన్నావు. నేను మాత్రం నెల తిరక్కుండా ఊరు వదిలి వచ్చేశాను. ఉద్యోగం దొరికిందని అందరికీ చెప్పాను. నిజానికి నీ ముందు కూర్చుని అన్నం తినలేకపోయాను.

ఇప్పుడు నువ్వూ బావ మాటే రాశావు. ఎకరం మిరప వేసుకుని, అమ్మను పెట్టుకుని, ఒక్కదానివే కోయించి, ఒక్కదానివే ఆరబెట్టి, నన్ను మాత్రం ముట్టుకోవద్దంటున్నావు.

నేను వస్తున్నానక్కా. షావుకారు గారు సెలవిచ్చారు. ఫైనల్ ఆదివారానికి సరిగ్గా పది రోజుల ముందు వస్తాను. ఆ పది రోజులూ నువ్వు ఇంట్లో ఉంటావు, నేను కల్లంలో ఉంటాను. తిరగేసేది నేనే, తాలు ఏరేది నేనే, మబ్బు పడితే పట్టాలు కప్పేది కూడా నేనే. శనివారం పొద్దుగూకే దాకా చేస్తాను. ఆదివారం ఆడమంటే ఆడతాను. మాస్టారికి ముందే చెప్పు, గోల్‌కీపర్ వస్తున్నాడు గానీ చేతులు మండుతూ ఉంటాయి, వేరేవాణ్ణి చూసుకుంటానంటే నేనేమీ అనుకోనని. నిమాయిదాకి ప్రతిరోజూ సగమే అని ఎందుకు చెబుతున్నానో ఇప్పుడు నీకు అర్థమై ఉంటుంది.

షీల్డు మన ఊళ్లో ఉండిపోతే సంతోషమే. పోతే పోనీ, బావ ఉంటే తిట్టేవాడు, ఆ తిట్లు కూడా నాకు లేకుండా పోయాయి.

అమ్మకు నా ముద్దులు. పాస్టరు గారికి, డ్రిల్లు మాస్టారికి నా వందనాలు చెప్పు. మస్తాన్‌ని రోజూ పొద్దున పరిగెత్తమను. నా కోసం ప్రార్థన చెయ్యి అక్కా, నన్ను క్షమించమని కాదు, ఆ పది రోజులూ మబ్బు పట్టకూడదని.

నీ ఆశీస్సులు కోరే తమ్ముడు,
ప్రభాకర్

బావ తలపాగా గుడ్డ ఇంకా దండెం మీదే ఉంటే తీయకు. కల్లంలో నేను కట్టుకుంటాను.