పప్పు చారైన సంగతి

హెడ్మాస్టర్ సారుకు, బడిలో వంట చేసే మనిషి దండం పెట్టి రాసి ఇస్తున్న సంజాయిషీ.

నిన్న పప్పు చారులా ఉందని మీరు కోప్పడ్డారు. నిజమే, అలాగే ఉంది. కానీ పప్పు తక్కువేసి నీళ్లు పోశానని ఎవరో మీ చెవిన వేశారట. అది మాత్రం శుద్ధ అబద్ధం.

మన మర్రిగూడ బోరు నీళ్లలో కందిపప్పు ఓ పట్టాన ఉడకదని మీకు తెలుసు. పన్నెండేళ్లుగా సోడా వేసి, రెండు గంటలు మంట పెట్టి, రెక్కలు పడిపోయేలా ఎనిపేదాన్ని. నిన్న పొద్దున బడికి మొదటిసారి కృష్ణా నీళ్లు వచ్చాయి కదా! ఆ సంబరంలో, పాత అలవాటు కొద్దీ, సోడా వేసి రెండు గంటలూ ఉడికించాను. మూత తీస్తే, ఆ మంచినీళ్లకు పప్పంతా కరిగిపోయి జాడే లేదు.

మూడో తరగతి మనీష మాత్రం "అవ్వా, గీ చారు మస్తుగుంది, ఇంకింత పొయ్యి" అని మూడుసార్లు గిన్నె చాపింది.

ఇకనుంచి సోడా వద్దు, కట్టెలు సగం చాలు. ఒక్కటే మనవి. కొత్త పైపుకు నల్లా బిగించలేదు. నీళ్లు ఊరికే పోతుంటే ప్రాణం ఒప్పక, మొక్కజొన్న బెండు దూర్చి చీరపేలిక చుట్టాను. జర తొందరగా నల్లా పెట్టించండి.

ఈ కాగితంతోపాటు కొత్త నీళ్లతో కాచిన చాయ్ పంపుతున్నాను. అది తాగాక కూడా కోపం మిగిలితే, అప్పుడు తిట్టండి.